దువాకూ (ప్రార్థనకూ) దవాకూ (మందుకూ) మధ్య పోయే నెలలు

నల్లగొండ, సూర్యాపేట పల్లెల్లో ఎటు పోయినా సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అనే పేర్లు వినపడతాయి. ఆ పేర్లున్నవాళ్ళలో హిందువులు బోలెడు మంది. పాలకవీడు మండలం జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు ఆ పేరు పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ దర్గా దగ్గరా అంతే. పాత మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల నుంచి అన్ని కులాలవాళ్ళూ వచ్చి కందూరు (మొక్కు విందు) చేసుకుని పోతారు. పిల్లలు పుట్టకపోయినా, వ్యాపారం దెబ్బతిన్నా, ఇంట్లో మనిషికి మతి నిలకడగా లేకపోయినా కాలు ముందు అటే పడుతుంది. అందుకే 'ముస్లింలు మానసిక జబ్బులకు డాక్టర్ దగ్గరికి పోరు, దర్గాకు పోతారు' అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. మా వైపు దర్గాకు పోనిదెవరు?

అట్లాగని ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. ముస్లిం ఇళ్ళలో కొన్ని చిక్కులు అదనంగా ఉన్నాయి. అయితే ఆ చిక్కు దర్గాలో ఉందని అందరూ అనుకుంటారు, నేను అనుకోను. జబ్బు మొదలైన రోజుకూ, ఆ జబ్బు తెలిసిన డాక్టర్ ఎదుట కూర్చున్న రోజుకూ మధ్య కాలం పోతుంది. ఆ కాలాన్ని ఎవరెవరు ఎంతెంత తింటున్నారో లెక్క తీస్తే, దర్గా వాటా మనం అనుకున్నంత పెద్దది కాదు.

మొదటి మజిలీ శరీరమే. 'మనసు బాగాలేదు' అని మొదటిరోజే చెప్పేవాళ్ళు ఏ మతంలోనూ తక్కువే. మా ఇళ్ళలో ఘబ్రాహట్ (కంగారు) అంటారు, దిల్ బైఠ్ జారా (గుండె జారిపోతోంది) అంటారు. పక్కింటి తెలుగువాళ్ళు గుండెదడ, తల బరువు, ఒళ్ళంతా మంటలు, గ్యాస్ అంటారు. ఇదేదో నటన కాదు. భయం పుట్టినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి ఆడదు, చేతులు తిమ్మిరెక్కుతాయి. ప్యానిక్ అటాక్ అనేది పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, సాధారణంగా అరగంటలోపే దిగిపోతుంది. ఆ పది నిమిషాల్లో మాత్రం మనిషి చచ్చిపోతున్నాననే అనుకుంటాడు. అందుకని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఆయన ఒక సెలైన్ ఎక్కించి, బీకాంప్లెక్స్ సూది వేసి, గ్యాస్ బిళ్ళ ఇస్తాడు. తగ్గకపోతే టౌన్‌లో ఈసీజీ తీయిస్తారు, నార్మల్ అని వస్తుంది. నార్మల్ అని వచ్చిన కాగితం చేతిలో పెట్టుకుని మనిషి ఇంకా ఎక్కువ టెన్షన్ పడతాడు. జబ్బు లేదంటే మరి ఇదేమిటి?

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. తెలంగాణ అందులో లేదు గానీ లెక్క మనకూ పనికొస్తుంది. పెద్దవాళ్ళలో ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నవాళ్ళు 10.6 శాతం. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఇది అన్ని మతాల లెక్క. డాక్టర్ దాకా చేరకపోవడం ఈ దేశంలో మామూలు సంగతి, చేరడమే విశేషం.

ఆర్‌ఎంపీ దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. నిద్ర పట్టడం లేదంటే అల్ప్రాజోలం బిళ్ళ చేతిలో పెట్టేవాళ్ళున్నారు. ఆ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది, డాక్టర్ చేయి మంచిదన్న పేరూ వస్తుంది. కొన్ని వారాలు గడిచేసరికి ఆ బిళ్ళ లేకుండా కునుకు రాదు. నిజానికి అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. పాలమూరు జిల్లాకు ఈ మందు ఇంకో దారిలో కూడా తెలుసు, కల్తీ కల్లు. చెట్ల నుంచి దిగే కల్లు సరిపోక అల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం ఇక్కడ ఏళ్ళనాటి రోగం. 2015లో ఎక్సైజ్ వాళ్ళు కల్తీ కల్లు మీద గట్టిగా పడ్డప్పుడు జిల్లా ఆసుపత్రులకూ, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆసుపత్రికీ జనం వరస కట్టారు. వణుకు, ఫిట్లు, లేనివి కనపడటం, ఎవరో పిలుస్తున్నట్టు వినపడటం, ఇవన్నీ మందు ఒక్కసారిగా ఆగడం వల్ల వచ్చేవి. ఇదే సంగతి ఒక ముస్లిం ఇంట్లో జరిగితే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. అబ్బాయి కల్లు తాగుతున్నాడని ఇంట్లో తెలియదు, తెలిసినా పైకి చెప్పరు, హరామ్ కాబట్టి. రంజాన్ వచ్చిందని వాడు ఒక్కసారిగా మానేస్తాడు. రెండో రోజుకో మూడో రోజుకో గోడవైపు చూసి మాట్లాడటం మొదలుపెడతాడు. చూసినవాళ్ళంతా అసర్ అంటారు, సాయా అంటారు, అంటే గాలి సోకిందని. డాక్టర్ ఎదుట కూర్చున్నా కల్లు ఊసెత్తరు. ఆ ఒక్క మాట దాచినందుకు ఫిట్లు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఇక్కడ దారి తప్పించింది జిన్నాతు (దయ్యాలు) కాదు, సిగ్గు.

ఆమిల్ ఏమిస్తాడు

దర్గా వేరు, ఆమిల్ వేరు. దర్గాలో మనిషి తనంత తాను కూర్చుంటాడు, ఏడుస్తాడు, ఫాతిహా చదివించుకుంటాడు, లేచి వస్తాడు. ఆమిల్ మాత్రం వైద్యం చేస్తానంటాడు. తావీజు రాస్తాడు, నీళ్ళు చదివి ఊదుతాడు, లోబాన్ పొగ వేస్తాడు, జుమేరాత్ జుమేరాత్, అంటే ప్రతి గురువారం, రమ్మంటాడు. అందరూ మోసగాళ్ళు కారు. డబ్బు తీసుకోకుండా రెండు ఆయత్‌లు చదివి, 'ఇది నా పని కాదు బేటా, డాక్టర్‌కు చూపించు' అనే పెద్దమనుషులు కూడా ఉన్నారు. అసలు అడగాల్సింది జనం ఎందుకు పోతారని. ఆమిల్ గంటసేపు వింటాడు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి వింటాడు. జబ్బుకు ఒక పేరు పెడతాడు. 'నీ తప్పేం లేదు, నీ మీద ఏదో పడింది' అంటాడు. ఆ మాటతో మనిషి నెత్తిమీది బరువు సగం దిగుతుంది. సర్కారు దవాఖాన ఓపీలో రెండు నిమిషాల్లో చీటీ రాసే డాక్టర్ ఈ మూడింటిలో ఒక్కటీ ఇవ్వలేకపోతున్నాడు. ఈ సంగతి ఒప్పుకోకుండా మూఢనమ్మకాలంటూ ఉపన్యాసాలిస్తే వినేవాళ్ళు ఉండరు.

అయితే ఆ పేరు పెట్టడంలోనే విషం ఉంది. 'ఏదో పడింది' దగ్గర ఆగితే ఫరవాలేదు. 'ఎవరో చేయించారు' దాకా పోతే కథ తోటికోడలి మీదికో, ఆడబిడ్డ మీదికో, కొత్తగా వచ్చిన కోడలి మీదికో తిరుగుతుంది. పక్కన తెలుగిళ్ళలో చేతబడి, బాణామతి అంటూ జరిగేదీ ఇదే. జబ్బు ఒకరిది, ఇల్లు విరిగేది అందరిదీ.

ఎక్కడ గీత గీయాలో కుటుంబాలకు స్పష్టంగా తెలియాలి. దువాకు పోండి, తావీజు కట్టుకోండి, దానివల్ల డాక్టర్ చేసే వైద్యానికి ఏ అడ్డూ లేదు. కానీ మందులు ఆపమన్నా, కొట్టినా, మిరపపొగ పెట్టినా, అన్నం మాన్పించినా, ఆడపిల్లను ఒంటరిగా లోపలికి పంపమన్నా, వేలకు వేలు అడిగినా అక్కడి నుంచి లేచి రావాలి. గొలుసులు వేయడమైతే నేరమే. తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు. దర్గాలో నయమవుతుందని తెచ్చి వదిలిపెట్టిన మనుషులు వాళ్ళు. సుప్రీంకోర్టు తనంత తానుగా ఆ కేసు తీసుకుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. ఎవరినైనా ఏ విధంగానైనా గొలుసులతో బంధించడాన్ని అది నిషేధించింది.

ఏర్వాడి తర్వాత దర్గాలను మూయించాలన్నవాళ్ళున్నారు. గుజరాత్ ఇంకో దారి పట్టింది. మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008లో 'దవా, దువా' అనే పని మొదలైంది. దర్గా ఆవరణలోనే మానసిక వైద్యులు కూర్చుంటారు. దర్గా సేవకులైన ముజావర్లకు ముందు శిక్షణ ఇచ్చారు. వచ్చిన మనిషికి వాళ్ళు దువా చేసి, తర్వాత పక్క గదిలో డాక్టర్‌ను కలవమని పంపుతారు. ముజావర్ పంపాడు కాబట్టి జనం పోతారు. జాన్‌పహాడ్ ఉర్సు జనవరిలో జరుగుతుంది, జనం వేలల్లో వస్తారు. కనీసం ఆ మూడు రోజులైనా అక్కడ ఒక టెంటు వేసి, సైకియాట్రీ డాక్టర్‌నూ ఒక కౌన్సిలర్‌నూ కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు.

ఈమాన్ కమ్‌జోర్ (విశ్వాసం బలహీనం) అనే మాట

మసీదు నుంచి వచ్చిన పెద్దమనిషి మంచం పట్టిన కుర్రవాడితో అనే మాట ఒకటుంది: 'నమాజు వదిలేశావు, అందుకే ఇట్లా అయ్యావు.' చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. డిప్రెషన్ ముదిరిన మనిషికి తెల్లవారుజామున మెలకువ వస్తుంది, కానీ మంచం దిగడానికి ఒళ్ళు రాదు. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వుజూ చేయడం కొండ ఎక్కినంత పని అవుతుంది. అట్లా తెల్లవారుజాము నమాజు ఫజర్ పోతుంది, తర్వాత మిగతావీ పోతాయి. జబ్బు వల్ల నమాజు పోయింది. తిట్టిన తర్వాత ఆ మనిషి నిజంగానే అల్లా తనను వదిలేశాడని నమ్ముతాడు. తీరని పాపం చేశానన్న భావన డిప్రెషన్ లక్షణాల్లో ఒకటని ఆ పెద్దమనిషికి తెలియదు పాపం.

దీన్ (మతం) లోపల చూస్తే ఈ తిట్టుకు పెద్ద ఆధారం దొరకదు. కొడుకు యూసుఫ్ దూరమైన దుఃఖంలో యాకూబ్ ప్రవక్త కళ్ళు తెల్లబడ్డాయని ఖురాన్ చెప్తుంది. ఆయన ఈమాన్‌ను ఎవరూ శంకించరు. భార్య ఖదీజా, పెదనాన్న అబూ తాలిబ్ ఒకే ఏడాది పోయినప్పుడు ప్రవక్త జీవితంలోని ఆ ఏటికి దుఃఖ సంవత్సరమనే పేరు పడింది. కొడుకు ఇబ్రాహీం చనిపోతే ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నారు. అల్లా ఏ రోగాన్నీ దాని మందు లేకుండా దించలేదని ప్రవక్త మాటల సంకలనమైన బుఖారీలో హదీసు ఉంది. దుఃఖంలో ఉన్నవాళ్ళకు బార్లీతో చేసే తల్బీనా జావ పెట్టమని కూడా అందులోనే ఉంది. మతి తప్పినవాడి మీద, కోలుకునేదాకా, కలం లేపబడి ఉంటుందని ఇంకో హదీసు. అంటే ఆ కాలంలో లెక్క రాయరు.

వైద్య చరిత్రలోకి పోతే ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్‌కు చెందిన పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ పేరు చెప్పుకోవాలి. 934లో చనిపోయారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం లేకుండా కమ్ముకునే దుఃఖం వేరు అని ఆయన విడదీశారు. మొదటిదానికి మాటతో, ఆలోచనతో చికిత్స చెప్పారు, రెండోదానికి ఒంటికి మందు కావాలన్నారు. ఒంట్లో బాగున్నప్పుడే మంచి ఆలోచనలు కూడబెట్టుకోవాలనీ, కష్టకాలంలో మందుల పెట్టెలోంచి తీసినట్టు తీసి వాడుకోవాలనీ రాశారు. ఇప్పటి కాగ్నిటివ్ థెరపీకి ఇది చాలా దగ్గర. 1284లో కైరోలో కట్టిన ఖలావూన్ ఆసుపత్రిలో మానసిక రోగులకు వేరే భాగం ఉండేది. మన యునానీ హకీములు సౌదా (నల్లపిత్తం) పెరిగితే మాలిఖూలియా (తీవ్రమైన దిగులు) వస్తుందని చెప్పేది కూడా ఆ పాత వైద్యం నుంచే. ఈ వైభవం మీద జుమా బయాన్లలో (శుక్రవారం ప్రసంగాల్లో) గర్వంగా మాట్లాడేవాళ్ళను చూశాను. సంతోషమే. కానీ పదో శతాబ్దపు బల్ఖీ అచ్చంపేట నుంచి బస్సెక్కే మనిషికి ఇవాళ చీటీ రాసివ్వడు కదా.

మతం, వైద్యం ఒకదాని చేయి ఇంకోటి పట్టుకోక తప్పని జబ్బు ఒకటుంది, వస్వసా. వైద్యులు ఓసీడీ అంటారు. నల్లా దగ్గర ఒక మనిషి వుజూకు కూర్చుంటాడు. చేతులు మూడుసార్లు కడిగాడు. మూడోసారి వేళ్ళ సందున తడవలేదేమోనని అనుమానం. మళ్ళీ మొదలు. మోచేయి దాకా వచ్చాక, మొదట నోరు పుక్కిలించానా లేదా? మళ్ళీ మొదలు. జమాత్ నిలబడుతుంది, మొదటి రకాత్ అయిపోతుంది, ఈయన ఇంకా నల్లా దగ్గరే. నిలబడ్డ తర్వాత వుజూ విరిగిందేమోనని అనుమానం. ఇంటికొచ్చాక లుంగీకి చుక్క పడిందేమోనని స్నానం. ఆడవాళ్ళకైతే పాకీ నాపాకీ (శుద్ధి, అశుద్ధి) అనుమానంతో బక్కెట్ల కొద్దీ నీళ్ళు, పాచి పట్టి ఒరిసిపోయిన చేతులు. పక్కింటి బ్రాహ్మణ ముత్తైదువకు ఇదే జబ్బు మడి, అంటు రూపంలో వస్తుంది. జబ్బు ఒకటే. ఇంట్లో ఏది పవిత్రమో దాన్నే అది పట్టుకుంటుంది.

మొదట్లో చూసినవాళ్ళు ఎంత భక్తో అనుకుంటారు. అక్కడే ఒకటి రెండేళ్ళు పోతాయి. తర్వాత ఆ మనిషి మౌలానాకు ఫోన్ చేయడం మొదలుపెడతాడు. 'నా వుజూ అయిందా?' అయింది బాబూ అంటాడు ఆయన. గంటకు మళ్ళీ ఫోన్. ఈ మౌలానా విసుక్కుంటే ఇంకో మౌలానా. ప్రతి ఫోన్‌తో పది నిమిషాలు ఊరట దొరుకుతుంది, పదకొండో నిమిషంలో అనుమానం రెట్టింపై వస్తుంది. ఫత్వా అడగడం కూడా జబ్బులో భాగమైపోతుంది. దీనికి ఈఆర్‌పీ అనే థెరపీ ఉంది. మూడుసార్లు కడిగి ఆగాలి. అనుమానం వస్తుంది, రానివ్వాలి. మళ్ళీ కడగకుండా ఆ బెంగతో కూర్చోవాలి. ఎవరినీ అడగకూడదు. బెంగ పెరుగుతుంది, ఒక దశలో దానంతట అదే దిగడం మొదలవుతుంది. వారాల తరబడి ఇది సాధన చేస్తే మెదడు కొత్త దారి నేర్చుకుంటుంది. తోడుగా వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు డిప్రెషన్‌కు ఇచ్చేదానికంటే ఎక్కువ మోతాదులో అవసరపడొచ్చు, ఫలితం కనపడటానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు.

అయితే 'కడగకుండా నమాజుకు నిలబడు' అని ఒక హిందూ థెరపిస్టు చెప్తే ఆ మనిషి ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. అక్కడ ఆలిమ్ (మత పండితుడు) అవసరం. ఫిఖ్‌లో, అంటే ఇస్లామీ ధర్మశాస్త్రంలో, గట్టి సూత్రం ఒకటుంది, ఖాయంగా ఉన్నదాన్ని అనుమానం చెరపదని. శబ్దం వినపడితేనో, వాసన తెలిస్తేనో తప్ప నమాజు వదిలి పోవద్దని హదీసే ఉంది. వస్వసా ఉన్నవాడు అనుమానాన్ని లెక్కచేయకూడదని ఫుఖహాలు (ధర్మశాస్త్ర పండితులు) ఎప్పుడో చెప్పారు. ఆలిమ్ ఈ మాట ఒక్కసారి, థెరపిస్టు ఎదుటే చెప్పి, 'ఇక నన్ను అడగొద్దు' అంటే సగం వైద్యం అయినట్టే. పదోసారి ఫోన్ వచ్చినప్పుడు జవాబు చెప్పకపోవడమే ఆయన చేయగల ఉపకారం. ఇంగ్లండ్‌లో లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు డిప్రెషన్ ఉన్న ముస్లింల కోసం, వాళ్ళ ఆచారాలను కలుపుకునే థెరపీ పద్ధతి ఒకటి తయారుచేశారు. ఐదు పూటల నమాజు రోజుకు ఒక క్రమం ఇస్తుంది కదా, లేవడానికీ బయటికి నడవడానికీ దాన్నే మెట్టుగా వాడుకోవడం అందులోని ఆలోచన.

రిష్తా పోతుందని

ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి వద్దాం. కాలాన్ని అన్నిటికంటే ఎక్కువ మింగేది పరువు, అందులోనూ ఆడపిల్ల రిష్తా. ఇంట్లో ఒకరికి మానసిక జబ్బుందని తెలిస్తే మిగతా పిల్లల సంబంధాలు కూడా చెడతాయని భయం. బిరాదరీ చిన్నది. నల్లగొండ గడియారం సెంటర్లో ఫలానా డాక్టర్ మెట్లు ఎక్కుతుంటే చూసిన కబురు సాయంత్రానికి మిర్యాలగూడలో ఉంటుంది. అందుకని ఊళ్ళో ఉన్న డాక్టర్‌ను వదిలి హైదరాబాద్ పోతారు. దూరం కాబట్టి రెండుసార్లు పోయి మానేస్తారు.

ఇక పెళ్ళే మందు అనే నమ్మకం. 'షాదీ కర్ దో, ఠీక్ హో జాతీ' అంటారు. పెళ్ళి చేస్తే కుదురుతుందని తెలుగిళ్ళలోనూ అనేదే. ఉత్సాహం, దిగులు పట్టలేనంతగా మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్న అమ్మాయికి ఇది ఎట్లా తిరగబడుతుందో చూడండి. బిళ్ళలు వేసుకుంటూ బాగుంటుంది. నిఖా కుదురుతుంది, అవతలివాళ్ళకు చెప్పరు. మంఝా, సాంచక్, వలీమా అంటూ పెళ్ళి వేడుకల్లో వరసగా రాత్రుళ్ళు నిద్ర ఉండదు. అత్తగారింట్లో ఎవరి ఎదుటా బిళ్ళ మింగలేదు కాబట్టి మందు ఆగుతుంది. బైపోలార్‌లో నిద్రలేమి ఒక్కటే మేనియాను (పట్టలేని ఉత్సాహాన్ని) రేపగలదు, మందు కూడా ఆగితే చెప్పక్కర్లేదు. కొన్ని వారాల్లో పిల్ల గలగలా మాట్లాడుతుంది, నగలు పంచిపెడుతుంది, రాత్రంతా పాడుతుంది. అత్తగారు ధోఖా (మోసం) అంటారు, పుట్టింటివాళ్ళు జాదూ (చేతబడి) అంటారు. ముందే చెప్పి ఉంటే ఆ సంబంధం పోయేదేమో, నిజమే. చెప్పకపోతే పిల్లే పోతుంది. ఇంకో సంగతి: బైపోలార్‌కు ఇచ్చే వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. పెళ్ళి మాటలు మొదలవుతున్నాయని డాక్టర్‌కు చెప్తే వేరే మందుకు మార్చే వీలుంటుంది. చెప్పాల్సిన మొదటి మనిషి వియ్యంకుడు కాదు, డాక్టర్.

కాన్పు తర్వాతి చిల్లా నలభై రోజులూ బాలింతను సాయా పడకుండా కాపాడుకోవడం మా ఇళ్ళ ఆచారం. తల కింద కత్తి పెడతారు, ఒంటరిగా వదలరు. వదలకపోవడం చాలా మంచిది. మొదటి వారం పది రోజులు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, పోతుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే అది డిప్రెషన్ కావచ్చు. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలో మాత్రం పిచ్చి లేచినట్టు అవుతుంది. చాలావరకు మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. నిద్ర పూర్తిగా పోతుంది, బిడ్డ తనది కాదంటుంది, ఎవరో చెప్తున్నారంటుంది. ఇది తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. జుమేరాత్ దాకా ఆగకూడదు, ఆ పూటే దవాఖానకు తీసుకుపోవాలి. మందులు పడితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

దవాఖాన మెట్లు ఎక్కాక

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. అంతకుముందు ఎవరికైనా మతి చెడితే 'ఎర్రగడ్డకు తీసుకుపోవాలి' అనేవాళ్ళు, ఆ మాటే తిట్టుగా మారింది. ఇప్పుడు టీచింగ్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. జ్వరం ఓపీ పక్కనే కాబట్టి చూసినవాళ్ళు కూడా ఏమీ అనుకోరు. పరువు భయం ఉన్నవాళ్ళకు ఇది పెద్ద సదుపాయం.

ఎవరు ఎవరో తెలుసుకుని పోవాలి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి ఆపై మానసిక వైద్యం చేసినవాడు, మందులు రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయడు, థెరపీ చేస్తాడు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. కౌన్సిలర్ అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకుంటున్నారు, అడిగి చూసుకోవాలి. థెరపీ అంటే ధైర్యం చెప్పడం, నీతులు చెప్పడం కాదు. వారానికి ఒకసారి ముప్పావు గంట కూర్చుని, ఏ ఆలోచన ఏ భయానికి దారితీస్తోందో కలిసి తవ్వి, ఇంటికి పని ఇచ్చి పంపడం. డిప్రెషన్‌కైతే సాధారణంగా 12 నుంచి 16 సార్లు. మన జిల్లాల్లో ఇది చేసేవాళ్ళు తక్కువ. దక్కనీ తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. ఇంట్లో ఉర్దూలో ఏడ్చే మనిషి ఆసుపత్రిలో తెలుగులో లక్షణాలు అప్పజెప్పాల్సి వస్తుంది.

ఆడవాళ్ళ సంగతి మరీ కష్టం. 'నిద్ర పడుతుందా అమ్మా?' అని డాక్టర్ అడుగుతాడు. అన్నో, భర్తో జవాబు చెప్తాడు: 'పడుతది సార్, ఊకెనే ఆలోచన చేస్తది.' ఆమె బురఖాలో చేతులు నలుపుకుంటూ కూర్చుంటుంది. జబ్బుకు మూలం ఆ పక్క కుర్చీలోనే ఉంటే? అయిదు నిమిషాలు మగమనిషిని బయటికి పంపి, ఒక నర్సును పక్కన ఉంచుకుని మాట్లాడితే సరిపోతుంది. రోగి వివరాలు గుట్టుగా ఉంచాలని 2017 చట్టమే చెప్తోంది. ఆ మాట ఆమెకు పైకి చెప్పాలి.

'ఇది కూడా షుగర్ లాంటిదే, సిగ్గుపడొద్దు' అని చెప్పడం ఈమధ్య అలవాటైంది. ఉద్దేశం మంచిదే గానీ, వినే మనిషి జీవితాంతం బిళ్ళలే అని బెదిరిపోతాడు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు, బాగయ్యాక కనీసం ఆరు నెలలు మందు కొనసాగించి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించి ఆపేయొచ్చు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ అయితే ఎక్కువ కాలం కావాలి. డిప్రెషన్ మందు రెండు నుంచి నాలుగు వారాల దాకా పనిచేసినట్టు కనపడదు. నాలుగో రోజుకే 'పని చేయట్లే' అని మానేసేవాళ్ళే ఎక్కువ. అలవాటు పడిపోతామని భయపడేది అల్ప్రాజోలం లాంటివాటి గురించి, వీటి గురించి కాదు.

రంజాన్‌లో ఏం చేయాలన్నది ప్రతి ఏడూ వచ్చే ప్రశ్న. రోజుకు ఒక్క బిళ్ళే అయితే ఇఫ్తార్ తర్వాతో, సహరీలోనో వేసుకునేలా డాక్టర్ మారుస్తారు. లిథియం వాడేవాళ్ళ సంగతి వేరు. ఎండాకాలపు రోజాలో (ఉపవాసంలో) ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. నెల ముందే డాక్టర్‌ను కలిసి, రక్తపరీక్ష చేయించి నిర్ణయించుకోవాలి. రోగికి రోజా నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది, సూరా బఖరాలో. ఆ మినహాయింపు మూత్రపిండాల రోగికి వర్తించినట్టే ఈ రోగికీ వర్తిస్తుందని ఇమాం సాబ్ రంజాన్ ముందరి జుమాలో ఒక్కసారి చెప్తే ఎన్నో ఇళ్ళు ఊపిరి పీల్చుకుంటాయి.

చచ్చిపోవాలన్న ఆలోచన గురించి కూడా చెప్పాలి. హరామ్ కాబట్టి ముస్లింలకు ఆ ఆలోచన రాదని కొందరు అనుకుంటారు. ఆలోచన వస్తుంది, చెప్పడం మాత్రం ఉండదు. ఎవరైనా అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందన్నది తప్పు. నేరుగా, మెల్లగా అడగడమే మంచిదని వైద్యులు చెప్తారు. ప్రయత్నించి బతికినవాళ్ళను పోలీసు కేసు భయంతో దాచేస్తుంటారు. 2017 చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా రాసుకోవడం ఉంటుంది, దాన్ని చూసి పారిపోనక్కర్లేదు. అట్లా చనిపోయినవాళ్ళ జనాజా (అంత్యక్రియలు) గురించి గుసగుసలు పెట్టేవాళ్ళకు ఒక మాట: మన వైపు ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్‌లో గుస్ల్ (స్నానం) చేయించి, జనాజా నమాజు చదివే దఫన్ (ఖననం) చేస్తారు.

ఇంట్లోంచి కదలలేనివాళ్ళకు 14416 ఉంది. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబర్ ఇది. ఫోన్ ఉచితం, 24 గంటలూ ఎత్తుతారు, తెలుగులోనూ హిందీలోనూ మాట్లాడొచ్చు. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరమైతే డాక్టర్‌కు కలుపుతారు, దగ్గరి ఆసుపత్రి ఎక్కడుందో చెప్తారు. ఫోన్ చేసేటప్పుడు జబ్బు పేరు తెలియనక్కర్లేదు. నిద్ర ఎన్నాళ్ళుగా లేదు, తిండి ఎట్లా ఉంది, ఏమేం బిళ్ళలు వాడారు, కల్లు, నిద్రబిళ్ళల అలవాటు ఉందా, ఇదివరకు ఇట్లా ఎప్పుడైనా అయిందా, ఇవి చెప్తే చాలు. తావీజు కట్టించామని కూడా చెప్పొచ్చు, అవతలివాళ్ళు ఏమీ అనుకోరు.